రాజుకూ జనానికీ మధ్య: ఐరోపాలో ఉదారవాదం ఉద్యమంగా ఎలా మారింది

మీ ప్రశ్న సారాంశం ఇది: పోటీ పరీక్షల పుస్తకాలు ఉదారవాదాన్ని జాన్ లాక్‌తో మొదలుపెట్టి జాన్ స్టువర్ట్ మిల్‌తో ముగించేస్తాయి, మధ్యలో నాలుగు నిర్వచనాలు ఇచ్చి ఊరుకుంటాయి. మరి అది మనుషులు జైలుకెళ్లే ఉద్యమంగా, ఎన్నికల్లో నిలబడే పార్టీగా ఎప్పుడు మారింది? ఉదారవాదమూ ప్రజాస్వామ్యమూ ఒకటే అయితే రెండు పేర్లు ఎందుకు?

డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్ల పాటు ఐరోపా చరిత్ర చెప్పాను. రెండో ప్రశ్న అడిగినవాళ్లు చాలా అరుదు. కిటుకంతా అందులోనే ఉంది కనుక జవాబు ముందే చెప్పేస్తాను. అవి రెండూ ఒకటి కావు. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం వాటికి ఒకదానితో ఒకటి పొసగలేదు కూడా. రాజు చేతిలో అదుపులేని అధికారం ఉండడమంటే ఉదారవాదులకు ఎంత భయమో, ఆస్తీ చదువూ లేని జనం చేతికి ఆ అధికారం పోవడమన్నా దాదాపు అంతే భయం. ఏ దేశంలో, ఏ ఘడియలో, ఏ భయం పైచేయి అయిందో చూసుకుంటూ వెళ్లండి. తేదీలు వాటంతట అవే గుర్తుంటాయి.

ముందు మాట సంగతి. 'ఉదారవాదం' (ఇంగ్లిషులో లిబరలిజం) అనగానే మా తరగతిలో సగం మంది అది దానధర్మాలకు సంబంధించిన సిద్ధాంతమేమో అనుకునేవారు. తప్పు పూర్తిగా వాళ్లది కాదు. లాటిన్‌లో 'లిబెరాలిస్' అంటే బానిస కాని మనిషికి తగినది అని అర్థం. చెయ్యి చాచి ఇచ్చే గుణం అనే అర్థమూ దానిలోంచే వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివరి దాకా ఐరోపాలో కూడా ఆ మాటను ప్రధానంగా పెద్దమనసు, విశాల దృష్టి అనే భావంలోనే వాడేవారు. కాబట్టి మన అనువాదం మూలంలోని పాత అర్థాన్ని పట్టుకుంది, కొత్త అర్థాన్ని సగమే పట్టుకుంది.

లాక్‌ను పక్కన పారేయమని నేను అనడం లేదు. 1688లో ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ దేశం వదిలి పారిపోవలసి వచ్చింది. మరుసటి ఏడాది హక్కుల చట్టం వచ్చింది. పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వేయరాదు, చట్టాన్ని నిలిపివేయరాదు, శాంతికాలంలో సైన్యాన్ని పోషించరాదు. లాక్ రాసిన ప్రభుత్వ సిద్ధాంత గ్రంథం అచ్చయింది కూడా 1689 చివర్లోనే. ఇవన్నీ పునాదిరాళ్లే. అయితే ఆ రోజుల్లో లాక్‌ను గానీ, ఆయన మొగ్గు చూపిన, రాజు అధికారానికి హద్దు కోరే విగ్ పక్షాన్ని గానీ ఎవరూ లిబరల్ అనలేదు. ఆ పేరు నూట ఇరవై ఏళ్ల తర్వాత పుట్టింది. పుట్టినచోటు లండన్ కాదు, పారిస్ కాదు. స్పెయిన్ దక్షిణపు కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నటి నేలముక్క మీద ఉన్న కాడిజ్ రేవు పట్టణం.

కాడిజ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. మన పుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తాయి, నాకు అది ఎప్పుడూ మనసుకు కష్టంగానే ఉండేది.

1808లో నెపోలియన్ స్పెయిన్ రాజు ఏడో ఫెర్డినాండ్‌ను ఫ్రాన్సులో నిర్బంధించి, తన అన్న జోసెఫ్‌ను ఆ సింహాసనం మీద కూర్చోబెట్టాడు. స్పెయిన్ జనం తిరగబడ్డారు. 1810 నాటికి దేశంలో ఎక్కువ భాగం ఫ్రెంచి సేనల గుప్పిట్లో ఉంది. కాడిజ్ మాత్రం లొంగలేదు. నేల వైపు ఫ్రెంచి ముట్టడి, సముద్రం వైపు బ్రిటిష్ నౌకల కాపలా. ఆ పరిస్థితిలో 'కోర్టెస్' అనే జాతీయ సభ 1810 సెప్టెంబరు 24న పక్కనే ఉన్న లియోన్ దీవిలోని ఒక నాటకశాలలో సమావేశమైంది. కొన్ని నెలల తర్వాత కాడిజ్‌లోని సాన్ ఫెలిపె నేరి అనే చర్చికి మారింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మందిరం అది. కింద సభ్యులు, పైన వసారాల్లో ఊరి జనం. ఊళ్లో పచ్చజ్వరం, అవతలి ఒడ్డు నుంచి ఫిరంగులు. లోపల మాత్రం సార్వభౌమాధికారం ఎవరిది అనే చర్చ.

రాజు అందుబాటులో లేడు. ఆయన పేరు చెప్పి ఎవరు పాలించాలి? మొదటి రోజే సభ తేల్చేసింది: సార్వభౌమాధికారం జాతిది, ఆ జాతికి ప్రతినిధి ఈ సభ. నవంబరులో పత్రికా స్వేచ్ఛ చట్టం చేసింది. ఊరి నిండా పత్రికలు మొలిచాయి. ఈ మార్పులు కావాలన్నవాళ్లను 'లిబరాలెస్' అన్నారు. వద్దన్నవాళ్లకు 'సెర్విలెస్' అని పేరు పెట్టారు. దాస్యబుద్ధి గలవాళ్లని దాని భావం. ప్రత్యర్థికి తిట్టుపేరు పెట్టి, తమకు మంచిపేరు ఉంచుకోవడం రాజకీయాల్లో కొత్తేమీ కాదు కానీ, ఈ పేరు మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లండులో సంప్రదాయవాదులైన టోరీలు మొదట్లో దాన్ని స్పానిష్ రూపంలోనే వాడి తమ ప్రత్యర్థులను ఎద్దేవా చేసేవారు. పరాయిదేశపు జబ్బు తగిలించుకున్నారని ఎగతాళి.

1812 మార్చి 19న రాజ్యాంగం వెలువడింది. 384 అధికరణాలు. ఆ రోజు సెయింట్ జోసెఫ్ పండుగ. ఆ పేరును స్త్రీకి పెడితే ముద్దుపేరు 'పెపా' అవుతుంది. జనం రాజ్యాంగాన్ని అలాగే 'లా పెపా' అని పిలుచుకున్నారు. రాజు సభను రద్దు చేయలేడు, తనంతట తాను ఎవరినీ జైల్లో పెట్టలేడు, పన్నులు సభ చేతిలోనివి, చిత్రహింస నిషేధం. ఓటుకు ఆస్తి అర్హత పెట్టలేదు, అయితే ఎన్నిక నేరుగా జరగదు. ముందు పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు), తర్వాత జిల్లా, ఆపైన రాష్ట్రం అంటూ మెట్లు మెట్లుగా వడపోత. ఇంటి నౌకర్లకు పౌరహక్కులు నిలుపుదల. ఆఫ్రికా మూలాలున్నవారు మామూలుగా పౌరులు కారు. 1830 తర్వాత కొత్తగా ఓటరు కాబోయేవాడికి చదవడం, రాయడం వచ్చి ఉండాలి. పన్నెండో అధికరణం కాథలిక్ మతం తప్ప మరొకటి పాటించరాదంటుంది. సభ్యుల్లో చాలామంది మతాచార్యులేనని గుర్తుంచుకోండి.

'ఇదేం ఉదారవాదం?' అని విద్యార్థులు అడిగేవారు. ఆ అడగడమే కావాలి నాకు. పుట్టిన ఊళ్లోనే, పుట్టిన ఏడాదిలోనే, రెండు భయాలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. రాజును కట్టేయడానికి నూరు అధికరణాలు, జనాన్ని వడకట్టడానికి మరికొన్ని.

1814లో ఫెర్డినాండ్ తిరిగొచ్చాడు. మే 4న రాజ్యాంగాన్ని చెల్లదని కొట్టేసి లిబరల్ నాయకులను జైళ్లకు పంపాడు. ఆరేళ్ల తర్వాత, 1820 జనవరి 1న, అమెరికా వలసల్లోని తిరుగుబాట్లను అణచడానికి ఓడలెక్కవలసిన సేనలతో రియెగో అనే సైనికాధికారి ఎదురుతిరిగాడు. 1812 రాజ్యాంగం మళ్లీ కావాలన్నాడు. రాజు దిగొచ్చి ప్రమాణం చేశాడు. ఆ నిప్పు ఆ ఏడాదే దక్షిణ ఇటలీలోని నేపుల్స్‌కు, పోర్చుగల్‌కు, మరుసటి ఏడాది ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్‌కు అంటుకుంది. నేపుల్స్‌లో, పీడ్‌మాంట్‌లో తిరుగుబాటుదారులు ఈ స్పానిష్ రాజ్యాంగాన్నే అడిగారు. ఉదారవాదం సరిహద్దులు దాటిన ఉద్యమంగా కనబడింది ఇక్కడే. రహస్య సంఘాలు, సైనికాధికారులు, ప్రవాసులు, చేతులు మారే పత్రికలు దాని యంత్రాంగం. దానికి ఎదురు యంత్రాంగం కూడా అంతే వేగంగా కదిలింది. 1821లో ఆస్ట్రియా సేన నేపుల్స్‌ను అణిచింది. 1823లో ఫ్రెంచి సేన స్పెయిన్‌లోకి దిగింది. ఆ నవంబరులో రియెగోను మాడ్రిడ్‌లో ఉరితీశారు.

నేపుల్స్ కూలిన వార్త కలకత్తా చేరినప్పుడు రామమోహన్ రాయ్ ఎంత కుంగిపోయారంటే, ఆ సాయంత్రం కలవవలసిన మిత్రుడికి రాలేనని ఉత్తరం రాసి ఇంట్లోనే ఉండిపోయారు. కాడిజ్ రాజ్యాంగం ప్రతి ఒకటి ఆయనకే అంకితమై వచ్చింది కూడా. ఐరోపా ఉదారవాదం మనకు మెకాలేతోనే వచ్చిందనుకునేవారికి ఈ సంగతి చెబుతూ ఉంటాను.

ఇక రెండో భయం ఎక్కడిది? ఫ్రాన్సుది. 1789 ఆగస్టులో మానవ హక్కుల ప్రకటన చేసిన విప్లవమే 1793-94లో తలలు నరికే యంత్రం గిలటిన్‌ను పనిలో పెట్టింది. హక్కులు కోరినవాళ్లలో చాలామందికి ఆ పదహారు నెలలు పీడకలగా మిగిలిపోయాయి. దానికి సిద్ధాంతరూపం ఇచ్చినవాడు బెంజమిన్ కాన్‌స్టాంట్. లొసాన్‌లో పుట్టిన ఈయన 1819లో పారిస్‌లో చేసిన ప్రసంగంలో ఒక తేడా చూపించాడు. ప్రాచీన గ్రీకులకు స్వేచ్ఛ అంటే సభలో కూర్చుని నిర్ణయాల్లో పాలుపంచుకోవడం. ఆధునికులకు స్వేచ్ఛ అంటే తన ఇల్లు, తన నమ్మకం, తన వ్యాపారం, తన మాటల జోలికి ఎవరూ రాకపోవడం. అధికారం రాజు చేతిలో ఉందా, జనం చేతిలో ఉందా అన్నదాని కంటే దానికి హద్దు ఉందా లేదా అన్నది ముఖ్యమన్నాడు. ఉదారవాదానికి ఇంతకంటే సూటి నిర్వచనం నేను చూడలేదు. మనిషి మాత్రం అంత నిలకడ గలవాడు కాదు లెండి. 1815 మార్చిలో నెపోలియన్‌ను అట్టిలాతో, చెంఘిజ్ ఖాన్‌తో పోలుస్తూ పత్రికలో రాసి, కొన్ని వారాలు తిరగకుండానే అదే నెపోలియన్‌కు రాజ్యాంగ సవరణ రాసిపెట్టాడు.

నెపోలియన్ పోయాక ఫ్రాన్సులో రాజు, పార్లమెంటు రెండూ ఉన్నాయి. కానీ ఓటరు కావాలంటే ముప్పై ఏళ్లు నిండి, ఏడాదికి 300 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టి ఉండాలి. మూడు కోట్ల జనాభాలో లక్ష మంది దాకా తేలారు. 1830 జులైలో పదో చార్లెస్ పత్రికల నోరు నొక్కి, సభను రద్దు చేసి, ఆ లక్షనూ ఇంకా కుదించాలని చూశాడు. మూడు రోజుల్లో గద్దె దిగాడు. లూయీ ఫిలిప్ వచ్చాడు, లిబరల్స్ అధికారంలోకి వచ్చారు. వచ్చి ఏం చేశారు? పన్ను అర్హతను 300 నుంచి 200 ఫ్రాంకులకు తగ్గించారు. ఓటర్లు లక్షా అరవై వేలు దాటారు. అంతే. ఓటు కావాలంటే ధనం సంపాదించుకోండి అన్నట్టు మాట్లాడిన మంత్రి గిజో ఆ పాలనకు ముఖచిత్రం. వీధుల్లో ప్రాణాలిచ్చిన పారిస్ కార్మికులకు అందులో ఓటు లేదు.

1847కు వద్దాం. అప్పటి చట్టం ప్రకారం ఇరవై మందికి మించిన సంఘానికి ప్రభుత్వ అనుమతి కావాలి. రాజకీయ సభ పెడితే పోలీసులు వస్తారు. మరి భోజనాలు పెడితే? అదీ ఎత్తు. ఆ జులై 9న పారిస్ ఉత్తర అంచున షాటో రూజ్ అనే విహారస్థలంలో పన్నెండు వందల మందితో విందు జరిగింది. టిక్కెట్టు కొన్నవాడికే విస్తరి. తిన్నాక గ్లాసు ఎత్తి 'ఓటుహక్కు సంస్కరణకు' అంటూ ఒక్కొక్కరు లేచి ఉపన్యాసం. రాజు ఆరోగ్యం కోసం గ్లాసు ఎత్తే ఆనవాయితీని వదిలేశారు. దాని భావం వడ్డించేవాడికి కూడా అర్థమైంది. చలికాలానికల్లా దేశమంతటా డెబ్బై దాకా ఇలాంటి విందులు జరిగాయి. ఆ టిక్కెట్టు ధర రోజుకూలీకి అందేది కాదని వేరే చెప్పనక్కరలేదు.

1848 ఫిబ్రవరి 22న పారిస్‌లో పెద్ద విందు తలపెట్టారు. మొదట కార్మికవాడలో అనుకున్నారు. జనం ఎక్కువ వస్తారని భయపడి షాంజెలీజే వైపు ధనికుల పేటకు మార్చారు. ప్రభుత్వం నిషేధించింది. ముందురోజు రాత్రి నిర్వాహకుల్లో చాలామంది వెనక్కి తగ్గి విందు రద్దు చేశారు. తెల్లవారింది. పిలిచినవాళ్లు రాలేదు, పిలవనివాళ్లు వచ్చారు. విద్యార్థులు, కూలీలు, చేతిపనివాళ్లు వానలో బారులు తీరారు. మరునాటి సాయంత్రం కాప్యుసీన్ వీధిలో సైనికులు కాల్పులు జరిపారు, యాభై మంది దాకా కూలిపోయారు. శవాలను బండి మీద పెట్టి కాగడాల వెలుగులో ఊరంతా తిప్పారు. 24న లూయీ ఫిలిప్ గద్దె వదిలేశాడు. విందు పిలుపు ఇచ్చింది లిబరల్స్, విప్లవం చేసింది వాళ్లు టిక్కెట్టు అమ్మని జనం.

మగవాళ్లందరికీ ఓటు వచ్చింది. రెండున్నర లక్షల ఓటర్లు ఒక్కసారిగా తొంభై లక్షలయ్యారు. ఆ తొంభై లక్షలు ఆ డిసెంబరులో అధ్యక్షుడిగా ఎన్నుకున్నది పాత నెపోలియన్ తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్‌ను. ఆయన మూడేళ్లకు సైన్యంతో కుట్ర చేసి పార్లమెంటును మూసేసి, దానికి కూడా జనం చేత ఓటు వేయించుకున్నాడు. 'మేం చెప్పలేదా' అన్నారు లిబరల్స్. కాదనడం కష్టమే. నియంతృత్వానికి జనం ఓటు ముద్ర వేయగలదని ఐరోపా అప్పుడే నేర్చుకుంది.

బ్రిటన్ దారి వేరు. అక్కడ ఉద్యమం కత్తి పట్టలేదు, ఖాతా పుస్తకం పట్టింది. 1832కు ముందు ఓల్డ్ సారం అనే ఖాళీ గుట్టకు ఇద్దరు ఎంపీలు, మాంచెస్టర్ నగరానికి ఒక్కడూ లేడు. 1819లో అదే మాంచెస్టర్‌లో సంస్కరణ కోరుతూ సభకు వచ్చినవారి మీదికి గుర్రపు దళాన్ని తోలారు. 1832 చట్టం ఈ అన్యాయాన్ని కొంత సరిచేసి పట్టణ మధ్యతరగతికి తలుపు తీసింది. తీసి వెంటనే గడియ పెట్టింది.

అక్కడ అసలు ఉద్యమపు పనితనం చూడాలంటే ధాన్యం సుంకాల వ్యతిరేక సంఘాన్ని చూడాలి. విదేశీ గోధుమలపై సుంకం వల్ల భూస్వాములకు లాభం, రొట్టె కొనేవాడికి భారం. 1838లో మాంచెస్టర్‌లో మొదలైన ఉద్యమానికి రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ నాయకులు. 1840లో ఒక పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే సౌకర్యం వచ్చింది. వీళ్లు లక్షలాది కరపత్రాలు పోస్టు చేశారు. జీతాలిచ్చి ఉపన్యాసకులను ఊళ్లమీదికి పంపారు. ఓటర్ల జాబితాలు ఇంటింటికీ తిరిగి సరిచూశారు. ఓటు అర్హత వచ్చేలా తమవాళ్ల చేత చిన్న చిన్న భూములు కొనిపించారు. ఈనాటి పార్టీ ఆఫీసు చేసే పనులన్నీ అందులో ఉన్నాయి. 1846లో టోరీ ప్రధాని రాబర్ట్ పీల్ స్వయంగా సుంకాలు ఎత్తేశాడు. ఆయన పార్టీ రెండుగా చీలింది.

నాణేనికి రెండో వైపూ అప్పుడే కనబడింది. ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి, 1845 నుంచి కరువు. పీల్ తర్వాత వచ్చిన విగ్ ప్రభుత్వం మార్కెట్టు తన పని తాను చేసుకుంటుందన్న నమ్మకంతో సాయాన్ని బిగించింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఆ సాయం పద్దులు చూసిన ఖజానా అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్. ఆ పేరు మనకు పరాయిది కాదు. 1859లో ఆయనే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆయన ఏలుబడిలో ఉన్నాయి. ధాన్యం సుంకాలపై పోరాటానికి 'ది ఎకనమిస్ట్' పత్రిక పెట్టిన జేమ్స్ విల్సన్ కూడా అదే సమయంలో కలకత్తాకు ఆర్థిక సభ్యుడిగా వచ్చి, 1860లో మన దేశానికి ఆదాయపు పన్ను తెచ్చాడు. ట్రెవెల్యాన్ ఆ పన్నును బహిరంగంగా వ్యతిరేకించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. విల్సన్ ఆ ఏడాదే కలకత్తాలో కన్నుమూశాడు. ఇద్దరూ లిబరల్ ప్రపంచం మనుషులే. ప్రజాప్రతినిధుల సమ్మతి లేకుండా పన్ను వేయరాదన్న 1689 నాటి సూత్రం మాత్రం వాళ్లతో పాటు ఓడ ఎక్కలేదు.

1859 జూన్ 6న లండన్‌లోని విల్లిస్ రూమ్స్‌లో విగ్‌లు, పీల్ అనుచరులు, మరింత సంస్కరణ కోరే రాడికల్స్ కలిసి కూర్చుని టోరీ ప్రభుత్వాన్ని దించడానికి ఒప్పందం చేసుకున్నారు. లిబరల్ పార్టీ పుట్టినరోజుగా దాన్నే చెబుతారు. మిల్ స్వేచ్ఛపై రాసిన పుస్తకం వచ్చింది కూడా ఆ ఏడాదే. అందులోనే అనాగరిక జాతుల విషయంలో, వారి మేలు కోసమైతే, నిరంకుశ పాలన న్యాయమేనని ఉంది. రాసినవాడు ముప్పై అయిదేళ్లు ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో పనిచేసిన మనిషి. పరీక్షలో మిల్ గురించి రాసేటప్పుడు ఈ ముక్క వదలకండి.

లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్ నాలుగుసార్లు ప్రధాని అయ్యాడు. 1870 ప్రాథమిక విద్యా చట్టం, 1872 రహస్య బ్యాలెట్, 1884 ఓటుహక్కు విస్తరణ ఆయన కాలానివి. మనకు స్థానిక స్వపరిపాలన తీర్మానం ఇచ్చిన రిపన్‌ను పంపిందీ ఆయనే. 1886లో ఐర్లండ్ స్వపరిపాలన ప్రశ్న మీద పార్టీ చీలింది. మధ్యలో ఒక సంగతి గమనించండి: 1867లో పట్టణ కార్మికులకు ఓటు ఇచ్చిన చట్టం చేసింది లిబరల్స్ కాదు, వాళ్ల ప్రత్యర్థి డిజ్రేలీ. బ్రిటన్‌లోనే కాదు, జర్మనీలోనూ ఇదే వింత.

జర్మనీ కథ నాకు అన్నిటికంటే బాధగా ఉంటుంది. 1848 మేలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సెయింట్ పాల్ చర్చిలో కూర్చున్న సభ జడ్జీలు, ప్రొఫెసర్లు, లాయర్లతో నిండింది. ప్రాథమిక హక్కుల పత్రం అద్భుతంగా రాశారు. ఐక్య జర్మనీ కిరీటం తీసుకోమని జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజును అడిగితే ఆయన కాదన్నాడు. సభ దగ్గర సైన్యం లేదు, కథ ముగిసింది. పదమూడేళ్ల తర్వాత 1861 జూన్ 6న, లండన్ సమావేశం జరిగిన తేదీనే, ప్రష్యాలో ప్రగతి పార్టీ పుట్టింది. అక్కడి ఎన్నికల పద్ధతి ఓటర్లను కట్టే పన్నును బట్టి మూడు తరగతులు చేస్తుంది. ధనవంతుడి ఓటు కూలీవాడి ఓటుకు ఎన్నో రెట్ల బరువు. ఆ పద్ధతిలో లిబరల్స్ సునాయాసంగా గెలిచారు. గెలిచి, సైన్యం విస్తరణకు డబ్బు మంజూరు చేసేది లేదన్నారు. రాజు ప్రధానిగా బిస్మార్క్‌ను తెచ్చుకున్నాడు. నాలుగేళ్ల పాటు ఆయన సభ ఆమోదించిన బడ్జెట్టే లేకుండా పన్నులు వసూలు చేసి రాజ్యం నడిపాడు. కాన్‌స్టాంట్ అడిగిన హద్దు ప్రశ్న ఇంత నగ్నంగా మరెక్కడా ఎదురుకాలేదు.

1866 జులై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ప్రష్యా ఆస్ట్రియాను చిత్తు చేసింది. అదే రోజు ప్రష్యాలో ఎన్నికలు. సెప్టెంబరులో బిస్మార్క్ సభ ముందుకు వచ్చి, గడచిన నాలుగేళ్ల ఖర్చును క్షమించి ఆమోదించమన్నాడు. 230 మంది సరే అన్నారు, 75 మంది కాదన్నారు. సరే అన్న లిబరల్స్ తర్వాత నేషనల్ లిబరల్ పార్టీగా విడిపోయారు. వాళ్లను పిరికివాళ్లని కొట్టిపారేయడం తేలిక. జర్మనీ ఏకం కావాలన్నది కూడా వాళ్ల కలే, ఆ కల నిజం చేసి చూపించినవాడితో తగవు పెట్టుకోలేకపోయారు. మరుసటి ఏడాది బిస్మార్క్ ఉత్తర జర్మన్ సమాఖ్య సభకు పురుషులందరికీ ఓటు ఇచ్చాడు. పల్లెల్లోని రైతులు రాజభక్తులు, లిబరల్స్‌ను వాళ్లు ముంచుతారని లెక్క. 1872లో కాథలిక్కుల్లో జెసూట్ శాఖ మతగురువుల మీద నిషేధం తెస్తే, మనస్సాక్షి స్వేచ్ఛ గురించి తెల్లవార్లూ ఉపన్యసించే లిబరల్స్‌లో చాలామంది చప్పట్లు కొట్టారు.

మిగతా దేశాలను త్వరగా చెబుతాను. బెల్జియం 1831 రాజ్యాంగం ఆ కాలానికి ఐరోపాలో అతి స్వేచ్ఛాయుతమైనవాటిలో ఒకటి. 1846లోనే అక్కడి లిబరల్స్ మహాసభ పెట్టి క్రమబద్ధమైన పార్టీ అయ్యారు. నెదర్లాండ్స్‌లో 1848లో పక్కదేశాల మంటలు చూసి రాజే లిబరల్ నాయకుడు తోర్బెకె చేత కొత్త రాజ్యాంగం రాయించుకున్నాడు. ఇటలీలో పీడ్‌మాంట్ ప్రధాని కవూర్ 1861 నాటికి దేశాన్ని చాలావరకు ఏకం చేశాడు, ఓటు మాత్రం జనాభాలో నూటికి ఇద్దరికే.

స్త్రీల ఓటు దగ్గర రెండో భయం కొత్త వేషం వేసింది. 1867లో మిల్ బ్రిటిష్ పార్లమెంటులో స్త్రీలకు ఓటు ఇవ్వాలని సవరణ పెడితే 73 ఓట్లు వచ్చాయి. ఆ విషయంలో ఆయనకు దండం పెట్టాలి. కానీ 1906 తర్వాత లిబరల్ ప్రభుత్వమే, నిరాహారదీక్ష చేసిన స్త్రీల గొంతులోకి గొట్టాలు దింపి తిండి పోయించింది. ఫ్రాన్సులో 1922లో సెనేట్ స్త్రీల ఓటును తోసిపుచ్చింది. స్త్రీలు పూజారుల మాట విని మతపక్షాలకు వేస్తారని అక్కడి రాడికల్స్ భయం. ఫ్రెంచి స్త్రీలకు ఓటు 1944 దాకా రాలేదు.

మరి ఉదారవాదులు మారలేదా? మారారు, ఆలస్యంగా. ఆకలితో ఉన్నవాడికి ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ ఏపాటిదని బ్రిటన్‌లో ఒక తరం అడగడం మొదలుపెట్టింది. లియొనార్డ్ హాబ్‌హౌస్ లాంటివారు ఆ ఆలోచనకు రూపమిచ్చారు. 1908లో డెబ్బై ఏళ్లు దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల పింఛను వచ్చింది. 1909లో ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ ధనికుల మీద, భూమి మీద కొత్త పన్నులు వేస్తూ బడ్జెట్ తెచ్చాడు. ప్రభువుల సభ అడ్డుపడింది. రెండు ఎన్నికల పోరాటం తర్వాత 1911లో ఆ సభ కోరలు పీకారు. అదే ఏడాది ఆరోగ్య, నిరుద్యోగ బీమా చట్టం. రాజ్యాన్ని కట్టేయాలని మొదలైన ఉద్యమం రాజ్యం చేత పని చేయించడానికి వచ్చింది. అంతలోనే యుద్ధం, 1916లో చీలిక, 1924 ఎన్నికల్లో నలభై సీట్లు. కార్మికులకు వాళ్ల సొంత పార్టీ ఏర్పడిపోయింది.

1919లో జర్మనీలో స్త్రీలతో సహా అందరూ వేసిన ఎన్నికల్లో లిబరల్ డెమోక్రాటిక్ పార్టీకి నూటికి పద్దెనిమిదిన్నర ఓట్లు వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ గణతంత్రానికి వచ్చిన వైమార్ రాజ్యాంగం ముసాయిదా రాసిన హ్యూగో ప్రాయిస్ ఆ పార్టీవాడే. 1932 నాటికి అది నూటికి ఒక్క ఓటు దగ్గర ఆగింది. 1933 మార్చి 23న హిట్లర్‌కు సర్వాధికారాలిచ్చే చట్టం వచ్చినప్పుడు ఆ పార్టీకి మిగిలిన సభ్యులు అయిదుగురు. అయిదుగురూ అనుకూలంగా ఓటు వేశారు. వారిలో ఒకరైన థియోడోర్ హాయిస్ 1949లో పశ్చిమ జర్మనీ తొలి అధ్యక్షుడయ్యారు. ఆ ఓటు నీడ ఆయనను జీవితాంతం వదల్లేదు. 1866లో వేసిన 230 ఓట్లకూ ఈ అయిదు ఓట్లకూ చుట్టరికం ఉందా అని నన్ను చాలామంది అడిగారు. సూటిగా లేదనే నా అభిప్రాయం. 1866 నాటివాళ్లు గెలిచినవాడితో చేతులు కలిపారు, 1933 నాటివాళ్లు వీధిలో గోధుమరంగు చొక్కాల నాజీ ముఠాలు కాపు కాస్తుండగా సభకు వచ్చారు.

చివరిగా మీరు అడగని మాట ఒకటి. ఈ ఉద్యమానికి తెలుగువాళ్లలో వారసుడున్నాడా అంటే ఉన్నారు. 1880లో విజయనగరంలో పుట్టిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. అలహాబాదులో 'లీడర్' పత్రిక సంపాదకుడిగా పేరు తెచ్చుకుని, కాంగ్రెస్ నుంచి విడిపోయిన లిబరల్స్‌లో ముఖ్యుడయ్యారు. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) విద్యామంత్రిగా ఉండి, గవర్నరుతో పొసగక 1923లో రాజీనామా చేశారు. గాంధీజీ సహాయ నిరాకరణను కూడా అంతే గట్టిగా వ్యతిరేకించారు. గవర్నరు సంతకానికి హద్దు కావాలి, జనసమూహం ఊపుకూ హద్దు కావాలి. ఆయన సంపాదకీయాలు ఎక్కడైనా దొరికితే కాన్‌స్టాంట్ పక్కన పెట్టుకుని చదవండి.